మొదటి ఎత్తే బి4 వేస్తే నల్లపావులతో ఏం ఆడాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇది: జిల్లా రాపిడ్ (తక్కువ టైమ్) చెస్ టోర్నీలో ఎదుటి ఆటగాడు మొదటి ఎత్తుగా బి4 వేశాడు. ఇలాంటి ఎత్తుకు గట్టిగా బుద్ధి చెప్పాలని మీరు సి6, మంత్రి బి6 వేసి ఆ బంటు మీద పడ్డారు. ఏడో ఎత్తుకి మీ మంత్రి పోయింది. తప్పు ఎక్కడ జరిగింది, ఇంకోసారి ఎవరైనా బి4 వేస్తే ఏం ఆడాలి, ప్రాక్టీస్ ఎలా చేయాలి అని అడిగారు. ఇంజన్ (ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) చూస్తే ఆట సమానం అంటోంది, మరి నేనెందుకు ఓడిపోతున్నాను అని కూడా అన్నారు.

ముందుగా పేర్ల సంగతి. ఒక్కో ఇంట్లో పావుల్ని ఒక్కోలా పిలుస్తారు కాబట్టి చెబుతున్నా. మూల గడిలోది ఏనుగు, దాని పక్కన గుర్రం, ఆ పక్కన బిషప్, రాజు పక్కనుండేది మంత్రి. గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస. పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు. ఎత్తు నంబరు తర్వాత మూడు చుక్కలుంటే అది నలుపు ఎత్తు. చంపడానికి × గుర్తు వాడుతున్నాను. బోర్డు ముందు పెట్టుకుని చదివితే ఎక్కువ ఉపయోగం.

మీ గేమ్ ఇలా నడిచింది: 1. బి4 సి6 2. బిషప్ బి2 మంత్రి బి6 3. ఎ3 ఎ5 4. సి4 ఎ×బి4 5. సి5 మంత్రి×సి5 6. ఎ×బి4. ఇక్కడ ఆగి బోర్డు చూడండి. మీ మంత్రి మీద బి4 బంటు ఉంది. అదే ఎత్తుతో ఎ లైను తెరుచుకుంది, ఎ1లోని తెల్ల ఏనుగు ఎ8లోని మీ ఏనుగుని నేరుగా చూస్తోంది. ఆ ఏనుగుకి కాపలా ఎవరూ లేరు. పక్కనున్న బి8 గుర్రం దాన్ని కాపాడలేదు. మంత్రిని తప్పిస్తే ఏనుగు పోతుంది. మీరు ఏనుగు×ఎ1 వేశారు, 7. బి×సి5 తో మంత్రి పోయింది. ఆ తర్వాత ఏనుగు×బి1 వేసి గుర్రాన్ని కొట్టినా 8. మంత్రి×బి1 తో మీ ఏనుగు కూడా పోతుంది.

ఐదో ఎత్తులో సి5 బంటుని ముట్టుకోకుండా మంత్రిని సి7కి తీసి ఉంటే 6. ఎ×బి4 ఏనుగు×ఎ1 7. బిషప్×ఎ1 తో ఆట నడిచేది. తర్వాత డి6 వేసి ఆ సి5 బంటుని కదిలించవచ్చు. అంటే సి6 పద్ధతి అసలే చెడ్డదని కాదు. కానీ అది మీకు సరిపడదు అంటాను. బి4 వేసేవాళ్లకి ఈ సి5 దెబ్బ బాగా తెలుసు, వాళ్లు ఎదురుచూసేదే ఇది. మీరు మొదటిసారి చూస్తున్న పొజిషన్‌లో వాళ్లు ఎన్నోసార్లు ఆడి ఉంటారు.

అసలు సమస్య ఆ ఒక్క ఎత్తుతో వచ్చింది కాదు. బి4ని శిక్షించాలి అనుకోవడం దగ్గరే మొదలైంది. శిక్షించేంత తప్పు ఎత్తు కాదది. బిషప్‌కి బి2 గడి ఇస్తుంది, మంత్రి వైపు కాస్త చోటు సంపాదిస్తుంది. దానికి బదులుగా ఏం వదులుకుంటుందో అక్కడ మీ కన్ను పడాలి. తెలుపు తన మొదటి ఎత్తుని బోర్డు మధ్యలో వాడుకోలేదు, పైగా బి4 బంటుకి ఇంకా కాపలా లేదు. కాబట్టి మధ్య గడులు మీవి. మీరు ఆ గడులు తీసుకోకుండా, మంత్రిని వేసుకుని బి4 చుట్టూ తిరిగారు.

ఈ ఓపెనింగ్‌కి పాత చరిత్రే ఉంది. 1924లో న్యూయార్క్ టోర్నమెంట్ జరుగుతున్నప్పుడు ఆటగాళ్లు బ్రాంక్స్ జూ చూడ్డానికి వెళ్లారు. అక్కడ సూసన్ అనే ఒరాంగుటాన్‌ని చూసొచ్చిన టార్టకోవర్, తర్వాత మరోట్సీ మీద మొదటి ఎత్తుగా బి4 వేశాడు. అందుకే దీన్ని ఇప్పటికీ ఒరాంగుటాన్ అంటారు. ఆ గేమ్ గెలిచింది మాత్రం నల్లపావులతో ఆడిన మరోట్సీ. తర్వాత సోవియట్ ఆటగాడు సోకోల్స్కీ ఈ ఎత్తుని ఏళ్ల తరబడి పట్టుకుని, 1963లో దీని మీద ఏకంగా ఓ పుస్తకమే వేశాడు. పోలిష్ ఓపెనింగ్ అన్నా, సోకోల్స్కీ ఓపెనింగ్ అన్నా ఇదే. అంత శ్రద్ధగా ఆడినవాళ్లు ఉన్న ఎత్తుని ఐదారు ఎత్తుల్లో కూల్చేద్దాం అనుకోవడం ఆశపడటమే.

నేను మీకు సూచించేది చాలా సూటిగా ఉంటుంది: 1. బి4 ఇ5.

మధ్యలో బంటు పెట్టారు, ఎఫ్8 బిషప్‌కి దారి తెరిచారు, ఆ బిషప్ ఇప్పుడు బి4 బంటుని చూస్తోంది. తెలుపు మామూలుగా 2. బిషప్ బి2 వేసి మీ ఇ5 బంటుని బెదిరిస్తుంది. మీరు 2... బిషప్×బి4 కొట్టండి, 3. బిషప్×ఇ5 కొడతారు, మీరు 3... గుర్రం ఎఫ్6 వేయండి.

ఇక్కడ చాలామంది వెనకాడతారు. మధ్య బంటు ఇచ్చి పక్క బంటు తీసుకోవడం నష్టం కదా అని. లెక్క ప్రకారం తెలుపుకి మధ్యలో ఒక బంటు ఎక్కువ ఉన్న మాట నిజమే, ఆట చివరిదాకా వెళ్తే అది పనికొస్తుంది కూడా. కానీ ఇప్పుడు మీ దగ్గర ఉన్నది టైమ్. మీ బిషప్, గుర్రం బయటికొచ్చాయి, తర్వాతి ఎత్తులో క్యాజిల్ చేయవచ్చు (రాజుని ఒకే ఎత్తులో ఏనుగు వైపు భద్రంగా పంపడం). తెలుపుకి బయట ఉన్నది ఒక్క బిషప్. అది కూడా మధ్యలో నిలబడి ఉంది, మీరు దాన్ని తరుముతూ మీ పావులు తెచ్చుకోవచ్చు.

మూడో ఎత్తులో గుర్రం ఎఫ్6 ఎందుకు అన్నది కూడా అర్థం చేసుకోండి. ఇ5 బిషప్ మీ జి7 బంటు మీద ఉంది. గుర్రం ఎఫ్6కి వస్తే ఆ దారి మూసుకుపోతుంది, పైగా ఆ గుర్రం ఉండాల్సిన సహజమైన గడి అదే. కొందరు బిషప్‌ని తరమడానికి 3... ఎఫ్6 వేస్తారు. అలా చేస్తే బిషప్ హాయిగా బి2కి వెళ్లిపోతుంది, మీ గుర్రానికి మంచి గడి పోతుంది, రాజు వైపు బలహీనపడుతుంది. అది వద్దు.

తెలుపు 4. బిషప్×ఎఫ్6 అంటే కంగారు పడకండి, సంతోషించండి. 4... మంత్రి×ఎఫ్6 తో మీ మంత్రి ఎ1 ఏనుగు మీద పడుతుంది. 5. సి3 వేసి ఏనుగుని కాపాడుతూ మీ బిషప్‌ని బెదిరిస్తే 5... బిషప్ సి5. ఇప్పుడు మీ బెదిరింపు మంత్రి×ఎఫ్2, అది నేరుగా మేట్. తెలుపు దాన్ని చూసుకుంటుంది, అయినా రెండు బిషప్‌లు మీకున్నాయి, డెవలప్‌మెంట్‌లో ముందున్నారు. ఈ పొజిషన్ నేను ఎప్పుడైనా నల్లపావులతో ఆడటానికి సిద్ధం.

సరిగ్గా ఆడేవాళ్లు 4. సి4 గానీ 4. గుర్రం ఎఫ్3 గానీ వేస్తారు. ఒక వరుస చూపిస్తాను. దీన్ని బట్టీ పట్టొద్దు, ప్రతి ఎత్తు ఏం చేస్తోందో చూడండి.

4. సి4 క్యాజిల్ 5. గుర్రం ఎఫ్3 ఏనుగు ఇ8 6. ఇ3 డి5 7. సి×డి5 గుర్రం×డి5 8. బిషప్ ఇ2 గుర్రం సి6 9. బిషప్ బి2.

ఐదో ఎత్తులో ఏనుగు ఇ8 తెరిచిన లైను మీదికొచ్చి ఇ5 బిషప్‌ని చూస్తోంది. ఎనిమిదో ఎత్తులో గుర్రం సి6 అదే బిషప్ మీద రెండో దాడి. దానికి ఎఫ్3 గుర్రం ఒక్కటే కాపలా కాబట్టి వెనక్కి వెళ్లక తప్పదు. ఇప్పుడు లెక్క వేయండి. ఆ తెల్ల బిషప్ మొదట బి2కి వచ్చింది, తర్వాత ఇ5ని కొట్టింది, మళ్లీ బి2కి వెళ్లింది. తొమ్మిది ఎత్తుల్లో మూడు ఎత్తులు అదే తినేసింది, ఉన్నది మాత్రం మొదట నిలబడిన చోటే. మీ వైపు రాజు క్యాజిల్ అయిపోయాడు, ఏనుగు తెరిచిన లైను మీద ఉంది, రెండు గుర్రాలు మధ్యలోకి వచ్చాయి, ఎత్తు మీది. తెల్ల రాజు ఇంకా ఇ1లోనే ఉన్నాడు. ఇంజన్ సమానం అనేది దీన్నే. కానీ ఈ సమానంలో ఆడటానికి సులువైన పక్షం మీదే అని నా అభిప్రాయం.

ఇక్కడి నుంచి రెండు సంగతులు జాగ్రత్త. మొదటిది బి2 నుంచి జి7కి ఉన్న పొడవాటి వాలు దారి. మీ గుర్రం ఎఫ్6 వదిలి డి5కి వెళ్లాక ఆ దారి పూర్తిగా తెరిచి ఉంటుంది. అందుకే ఏనుగు ఇ8కి వెళ్లడం రెండు విధాల మంచిది, ఎఫ్8 ఖాళీ అయింది కదా. బి4 బిషప్‌ని వెనక్కి ఎఫ్8కి తెచ్చి జి7ని కాపాడుకోండి. అవసరమైతే జి6 వేసి బిషప్‌ని జి7లో పెడితే బి2 బిషప్‌కి ఎదురుగా మీది నిలుస్తుంది. అది వెనక్కి వెళ్లడం ఓటమి అనుకోవద్దు, అది చేయాల్సిన పని చేసేసింది.

రెండోది, సి8లోని మీ బిషప్. దాన్ని ఎఫ్5కో జి4కో తొందరగా తీయాలని చెయ్యి లాగుతుంది. కానీ అది సి8 వదిలితే బి7 బంటుకి కాపలా ఉండదు. తెలుపు మంత్రి బి3కి వచ్చి డి5 గుర్రాన్నీ బి7 బంటునీ ఒకేసారి పట్టుకుంటుంది. నేను చూసిన క్లబ్ స్థాయి గేముల్లో నలుపు ఇబ్బంది పడేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ముందు ఎఫ్8కి బిషప్‌ని తెచ్చుకోండి, ఆ తర్వాత మంత్రి బి3 వస్తే ఏం చేస్తానో చూసుకుని మిగతా బిషప్‌ని కదపండి. చాలాసార్లు దానికి ఇ6 మంచి గడి. డి5 గుర్రం వెనక నిలబడి దాన్ని కాపాడుతుంది, మంత్రి బి3లో ఉంటే ఆ గుర్రం పక్కకి కదిలినప్పుడు మంత్రి మీద దాడి కూడా తెరుచుకుంటుంది.

సి5 వేసే పద్ధతి కూడా ఉంది: 4. గుర్రం ఎఫ్3 క్యాజిల్ 5. ఇ3 డి5 6. సి4 సి5 7. సి×డి5 గుర్రం×డి5. బంట్లు చూడండి. మంత్రి వైపు మీకు ఎ, బి, సి మూడు, తెలుపుకి ఎ ఒక్కటే. మధ్యలో తెలుపుకి డి, ఇ రెండున్నాయి, మీకు ఏమీ లేవు. చివరికి ఎవరి బంట్లు ముందు నడుస్తాయన్నదే ఆట. ఎండ్‌గేమ్ ఇష్టపడేవాళ్లకి ఇది చాలా బాగుంటుంది. కాకపోతే సి5 పడ్డాక బి4 బిషప్‌కి ఎఫ్8 దారి మూసుకుపోతుంది, దాన్ని ఎ5కి తీసుకుని సి7 వైపు నడపాలి. సి5, బిషప్ ఎఫ్8 రెండూ కలిపి కావాలంటే కుదరదు. ఏది కావాలో ముందే అనుకోండి.

ఒక హెచ్చరిక. 1. బి4 ఇ5 2. బిషప్ బి2 తర్వాత ఇ5 బంటుని కాపాడుకోవాలని 2... ఎఫ్6 వేసేవాళ్లు చాలామంది. అది ఆడదగిన ఎత్తే. కానీ 3. ఇ4 అని తెలుపు బి4 బంటుని వదిలేస్తుంది. 3... బిషప్×బి4 4. బిషప్ సి4 తర్వాత సి4 నుంచి జి8 దాకా వాలు దారి మొత్తం తెల్ల బిషప్‌దే. ఆ బిషప్ ఉన్నంతకాలం మీరు రాజు వైపు క్యాజిల్ చేయలేరు, తర్వాత ఎఫ్4 కూడా వచ్చి పడుతుంది. ఇంజన్‌కి భయం ఉండదు, పది నిమిషాల గేమ్‌లో మనకి ఉంటుంది. బంటుని కాపాడే ఉద్దేశమే ఉంటే 2... డి6 వేయండి. ఆపైన గుర్రం ఎఫ్6, జి6, బిషప్ జి7, క్యాజిల్. కింగ్స్ ఇండియన్ అనే ఓపెనింగ్ ఆడే అలవాటు ఉంటే మీకు ఇది ఇల్లే. బి2 బిషప్ మీ ఇ5 బంటుని చూస్తూ కూర్చోవాల్సిందే.

మొదటి ఎత్తుగా ఇ5 వేయడం మీ స్వభావం కాకపోతే, డి5 కూడా పూర్తిగా మంచిదే. 1. బి4 డి5 2. బిషప్ బి2 గుర్రం ఎఫ్6 3. ఇ3 బిషప్ ఎఫ్5 4. గుర్రం ఎఫ్3 ఇ6. తెల్లపావుల ఓపెనింగ్ అయిన లండన్ సిస్టమ్‌ని నల్లపావులతో ఆడినట్టు ఉంటుంది. బిషప్‌ని ముందే బయటికి తెచ్చి, తర్వాతే ఇ6తో తలుపు వేశారు. ఇందాక బి7 గురించి భయపెట్టాను కదా, ఇక్కడ ఆ భయం లేదు. తెల్ల మంత్రి బి3కి వచ్చినా మధ్యలో వాళ్ల బి బంటే అడ్డం ఉంటుంది.

ఇ6 వేయగానే మీ ఎఫ్8 బిషప్ మళ్లీ బి4 మీద పడుతుంది. తెలుపు 5. ఎ3 అంటే బిషప్ ఇ7, క్యాజిల్ చేసుకుని, సమయం చూసి ఎ5 వేయండి. చాలామంది దానికి బి5 అని తోసేస్తారు. అలా తోస్తే సి5 గడి మెత్తబడుతుంది. మీ బి8 గుర్రం డి7 మీదుగా సి5కి వెళ్లి కూర్చోవచ్చు. దాన్ని తరమాలంటే తెలుపు డి4 వేయాలి. వేస్తే బి2 బిషప్ దారి వాళ్లే మూసుకున్నట్టు. ఆ బిషప్ కోసమే కదా మొదటి ఎత్తు బి4 వేసింది! ఈ ఇరకాటం ఒక్కసారి అర్థమైతే బి4 ఓపెనింగ్ సగం అర్థమైనట్టే. ఐదో ఎత్తులోనే 5. బి5 తోసేస్తే సి5 వేయండి. వాళ్లు దారిలో కొడితే, అంటే 6. బి×సి6 వేస్తే, మీరు బి×సి6 కొట్టి మధ్యలో బలమైన బంట్ల వరుస కట్టుకుంటారు.

డి5 తర్వాత ఇంకో పద్ధతి కూడా ఉంది, మీ గేమ్ పక్కన పెట్టి చూడాల్సింది. 1966లో మాస్కోలో పెట్రోసియాన్, స్పాస్కీల మధ్య ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. 21 గేములయ్యాక పెట్రోసియాన్ 11-10తో ముందున్నాడు, మూడే గేములు మిగిలాయి. 22వ గేమ్‌లో స్పాస్కీ తెల్లపావులతో బి4 వేశాడు. పెట్రోసియాన్ ఆడింది 1... డి5 2. బిషప్ బి2 మంత్రి డి6. ఇది కూడా మంత్రితో బి4 మీద దాడే, సరిగ్గా మీరు చేసిన పనే అనిపిస్తుంది. కానీ 3. ఎ3 అని కాపాడుకోగానే 3... ఇ5 వేశాడు. డి6లో మంత్రి ఉన్నది బి4 కోసం కాదు, ఇ5 బంటుకి కాపలాగా. మూడే ఎత్తుల్లో డి5, ఇ5 రెండు బంట్లూ పక్కపక్కన నిలబడ్డాయి. మీ మంత్రి బి6లో నిలబడి పక్క బంటుని చూసింది, ఆయన మంత్రి మధ్యను పట్టుకుంది. ఆ గేమ్ పెట్రోసియాన్ గెలిచి 12 పాయింట్లకు చేరి టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఆ గేమ్ మొత్తం తెచ్చుకుని ఓపిగ్గా ఆడి చూడండి.

ఈ మూడింట్లో ఏది ఎంచుకోవాలి అంటే, మీరు మామూలుగా ఇ4కి ఏం ఆడతారు, డి4కి ఏం ఆడతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇ4కి ఇ5 ఆడేవాళ్లయితే బంట్ల మార్పిడి వరుస (1... ఇ5, 2... బిషప్×బి4) తీసుకోండి. కారో-కాన్ (ఇ4కి సి6), స్లావ్ (డి4కి డి5, సి6) ఆడేవాళ్లయితే డి5, బిషప్ ఎఫ్5 చేతికి సులువుగా వస్తుంది. మంత్రి డి6 మాత్రం స్టాండర్డ్ టైమ్ ఉన్న గేములకి అట్టిపెట్టుకోండి. మంత్రి ముందే బయట ఉంటుంది కాబట్టి ప్రతి ఎత్తుకీ లెక్క చూసుకోవాలి, రాపిడ్‌లో టెన్షన్ ఎక్కువ.

ప్రాక్టీస్ గురించి కూడా అడిగారు కాబట్టి ఒక మాట. బి4 వేసేవాళ్లు తరచుగా దొరకరు. ఎవరితోనైనా కూర్చుని, 3... గుర్రం ఎఫ్6 అయిన పొజిషన్ నుంచే గేములు ఆడండి. ఒకసారి నల్లపావులతో, ఒకసారి తెల్లపావులతో. తెల్లపావులు పట్టుకున్నప్పుడు ఇ5 బిషప్‌ని ఎక్కడ పెట్టాలో తెలియక మీకే చికాకు వస్తుంది. నల్లపావులతో కూర్చున్నప్పుడు ఆ చికాకునే ఎదుటివాళ్లకి పెంచాలి. మార్పిడి వరుసలో పది ఎత్తుల దాకా మీ గేమ్ ఒకటి ఆడి ఇక్కడ పెట్టండి, మంత్రి బి3 వచ్చిన చోట ఏం చేశారో కలిసి చూద్దాం.